సభ్యుల కబుర్లలో ఒక అమ్మాయి

కామారెడ్డిలో మా సేవా క్లబ్బు నెలకు రెండు ఆదివారాలు కూడుతుంది. స్టేషన్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు, పై అంతస్తు. నేను ఇంటర్ కాలేజీలో తెలుగు చెబుతాను. చేరిన మరుసటి ఏడే నన్ను కార్యదర్శిని చేశారు. అతిథి వక్తలను వెతికి తేవడం నా పని. కంటి డాక్టరు, పాములు పట్టే మనిషి, మొక్కజొన్న పురుగు గురించి చెప్పే వ్యవసాయాధికారి, ఎవరు దొరికితే వాళ్లను పిలిచేదాన్ని. వక్త లేచే ముందు మాత్రం కాసేపు సభ్యులది. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి మనవడు పుట్టాడు, ఎవరికి మోకాలి ఆపరేషన్ అయింది, మైకు పట్టుకుని చెప్పుకుంటారు. మంచి కబురైతే చప్పట్లు. చెడ్డదైతే లేచి నిలబడి మౌనం.

ఎల్లారెడ్డి నుంచి ఒక సారు వచ్చేవారు. అక్కడి సహకార బ్యాంకులో మేనేజరు, వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చారు. లింగంపేట మీదుగా బస్సులో వచ్చి కిటికీ పక్కన కూర్చునేవారు. తక్కువ మాట్లాడే మనిషి. కానీ కబుర్ల సమయం రాగానే మొదట లేచేది ఆయనే.

"మా బిడ్డ హైదరాబాదుల డిగ్రీ ఫస్ట్ క్లాసుల పాసైంది" అన్నారు ఒకసారి. తర్వాత ఉద్యోగం దొరికింది. హాస్టలు అన్నం పడక, వేరే గది అద్దెకు తీసుకుంది. "కండ్లద్దాలు వడ్డయి. ఫోను చూడకు బిడ్డా అంటే ఇంటదా?" అన్నారు ఇంకోసారి. అందరం నవ్వాం. అలా ఆ అమ్మాయి మా కళ్లముందే పెరిగింది. నాకు ఇద్దరూ మగపిల్లలు. ఆమె కబురు కోసం నేను ఎదురుచూసేదాన్ని. ఒకసారి తీసుకురండి అని అడిగితే, "సెలవు దొరకాలె గద మేడం" అన్నారు.

వానలు మొదలైన రోజుల్లో డెంగీ జ్వరం గురించి మాట్లాడమని నిజామాబాదు నుంచి ఒక పెద్ద డాక్టరును పిలిచాను. ఆయన వేదిక మీద నా పక్కన కూర్చున్నారు. కబుర్లు మొదలయ్యాయి. ఎప్పటిలాగే సారు లేచారు.

"మా బిడ్డకు ఆఫీసుల ప్రమోషన్ వచ్చింది. బతుకమ్మకు వస్తనన్నది."

హాలంతా చప్పట్లు కొట్టింది. డాక్టరు కొట్టలేదు. చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు అలాగే పట్టుకుని సారు వైపు చూస్తున్నారు. తన వంతు వచ్చాక మైకు ముందు నిలబడ్డారు. నీళ్లు నిలవనీయొద్దు, దోమతెర కట్టుకోండి అని నాలుగు మాటలు చెప్పి కూర్చున్నారు. వెంట తెచ్చిన బొమ్మలు తెర మీద వేయనే లేదు.

కారు దాకా సాగనంపడానికి దిగాను. తలుపు తీయకుండా ఆగారు.

"ఆ సారు మీకు ఎప్పటినుంచి తెలుసు మేడం?"

"రెండేండ్లయితుంది."

"ఆ సారుకు ఒక్కతే బిడ్డ. నా ఆస్పత్రిలనే పోయింది. ఇంటర్ చదువుతుండె. మామూలు జ్వరమే అనుకొని ఆలస్యంగ తీసుకొచ్చిండ్రు. నేను ఏడ మాట్లాడినా ఆమె ముచ్చటే చెప్త, పేరు లేకుంట. ఇయ్యాల గదే చెప్దామని వచ్చిన."

కారు వెళ్లిపోయింది. పైకి వెళితే సారు ఉప్మా తింటూ, నాకు కుర్చీ జరిపారు. "డాక్టరు మంచిగనే చెప్పిండు గని తొందరగ ముగిచ్చిండు" అన్నారు. ఆ డాక్టరును ఆయన గుర్తుపట్టారో లేదో ఆ ముఖంలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నా క్లాసులోకి వెళ్లడం కష్టమైంది. హాజరు పిలుస్తుంటే చివరి బెంచీలో ఇంకొకరు ఉన్నట్టు అనిపించేది. తల ఎత్తితే ఎవరూ ఉండేవారు కాదు. చచ్చిపోయిన పిల్ల కాదు నాకు కనిపించేది. కళ్లద్దాలు పెట్టుకుని, ఆఫీసుకు బస్సు ఎక్కే అమ్మాయి. ఆ అమ్మాయి ఎన్నడూ లేదు. అయినా ఆమె నాకు బాగా తెలుసు.

క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు. ఎల్లారెడ్డి కాలేజీలో పని పడినప్పుడు, సారు బ్యాంకులో ఉండే వేళ చూసి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య తలుపు తీసింది. క్లబ్బు కార్యదర్శినని చెప్పాను. గోడల మీద ఒక్క ఫోటో లేదు. చాయ్ ఇచ్చి ఎదురుగా కింద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలా అని నేను తడబడుతుంటే ఆమే అడిగింది.

"మా బిడ్డ సంగతి తెలిసిందా మేడం?"

తల ఊపాను.

"ఆడ ఏందో చెప్తడని నాకు అనుమానమే. మీటింగ్ నాడు ఇస్త్రీ అంగి ఏసుకొని పోతడు. ఏం చెప్తడు?"

చెప్పాను. డిగ్రీ, ఉద్యోగం, హాస్టలు అన్నం, అన్నీ. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నది. "కండ్లద్దాలా? మా అత్తకు గూడ చిన్నప్పుడే వడ్డయట" అని నవ్వింది. "ఇంకేమన్నడు? జుట్టు కత్తిరిచ్చుకున్నదా? పొడుగు జడ ఉండె." అది నాకు తెలియదన్నాను. ఆమె ముఖం వాడిపోయింది.

"ఇంట్ల దాని పేరే ఎత్తడు. నన్నూ ఎత్తనీయడు. నాకు చెప్పని ముచ్చట్లు మీ అందరికి చెప్తున్నడా? ఒక్కసారి నేనూ వచ్చి ఆయన మాటలు ఇంట మేడం."

కాదనలేకపోయాను. తర్వాతి సమావేశానికి ఆమె విడిగా బస్సులో వచ్చి చివరి వరుసలో కూర్చుంది. ఆ రోజు వక్త వేరుశనగ విత్తనాల గురించి చెప్పడానికి వచ్చాడు. కబుర్లకు పిలిచాను. సారు లేచి మైకు అందుకున్నారు, వెనక్కి తిరిగారు, భార్యను చూశారు.

మైకు కిందికి దించేశారు. కూర్చోమని చెబుదామని నేను లేవబోయాను. అంతలో వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

"చెప్పుండ్రి. నేనూ ఇందామనే వచ్చిన."

ఆయన పెదవులు కదిలాయి. మైకు రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"ఈ వారం మా బిడ్డ ఫోన్ చెయ్యలే" అన్నారు.

చప్పట్లు కొట్టాలో మౌనం పాటించాలో ఎవరికీ తెలియలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సారు మైకు నాకిచ్చి, వరుసల మధ్యగా నడిచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. వేరుశనగ గురించి చివరిదాకా ఇద్దరూ అక్కడే కూర్చుని విన్నారు. కలిసి బస్సెక్కారు.

ఆ తర్వాత ఆయన మైకు తీసుకోలేదు. కొన్నాళ్లకు బదిలీ అయి వెళ్లిపోయారు. వెళ్లేముందు ఆమె ఫోన్ చేసింది. "ఇప్పుడు ఇంట్లనే చెప్తున్నడు మేడం. పండుకునే ముంగట ఇద్దరం దాని గురించే మాట్లాడుకుంటం. చిన్నప్పటియి కొన్ని, ఇప్పటియి కొన్ని." ఇప్పటివి అంటే ఏమిటని నేను అడగలేదు. అది మంచిదో చెడ్డదో తేల్చుకునే ధైర్యం నాకు లేకపోయింది.

మొన్న ఒక సమావేశం అయ్యాక, మాచారెడ్డి నుంచి వచ్చే ఒక సభ్యుడు మెట్ల దగ్గర ఆపాడు. ఆ రోజు హాలులో ఉన్నాడు. మిగతావాళ్లలాగే అతనికీ అసలు సంగతి తెలియదు.

"మేడం, ఎల్లారెడ్డి సారు బిడ్డ ఎట్లున్నది? పెండ్లయిందా?"

"ఇంకా కాలేదన్నా" అన్నాను. "పని ఎక్కువున్నదట. జుట్టు కూడా కత్తిరించుకున్నదట."

అతను నవ్వి స్కూటర్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ చివరి మాట నా నోటికి ఎక్కడినుంచి వచ్చిందో తెలియక, రెయిలింగ్ పట్టుకుని కొంచెంసేపు అక్కడే నిలబడ్డాను.