నాన్న చెప్పని చోటు

పోలీసు అత్యవసర నంబరుకి వచ్చే ఫోన్లు ఎత్తడం నా ఉద్యోగం. మా ఉద్దానం తీరానికి మేం ఫోన్లెత్తే హాలు ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరం. చేరిన మొదటి వారమే నా యాస మాన్పించారు. 'ఏటి' అనకూడదట, 'ఏమిటండీ' అనాలట. ఒళ్లు మండింది కానీ నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మే "ఎవులండీ మాటాడతన్నారు?" అని ఏడిపిస్తుంది.

అందుకే మావైపు నుంచి ఫోనొస్తే ప్రాణం లేచొస్తుంది. ఆపదలో ఉన్న మనిషి గొంతు విని సంతోషించడం తప్పే. అయినా పలాస నుంచో టెక్కలి నుంచో ఎవరైనా ఆ సాగదీతతో మొదలుపెడితే ఇంకాసేపు వినాలనిపిస్తుంది.

ఆ ఉదయం ఫోన్ చేసినాయన సముద్రం మీద ఉన్నాడు. ఇంజిను ఆగిపోయింది, పడవలో ముగ్గురున్నారు, నీరు ఎక్కుతోంది. ఊరి పేరు చెప్పాడు. మా ఊరికి రెండూళ్ల అవతల.

"మీరున్న చోటు చెప్పండి సర్. ఏదైనా గుర్తు?"

"సముద్రంలోనమ్మా."

"సముద్రంలో ఎక్కడండీ?"

"మా ఊరికి ఎదురుగానే. మీరు పడవోలని పంపండి, ఆలే సూసుకుంటారు."

నా మ్యాపులో ఆయన ఫోను చుట్టూ పడిన వలయంలో ఓ మండలం పట్టేస్తుంది. ఇంకొకరైతే పాపం ఆయనకి తెలియదనుకునేవాళ్లు. నాకు తెలుసు, దాస్తున్నాడు. మావాళ్లు ఒడ్డు మీది వాటిని రెండేసి వరస కలిపి చోటు గుర్తుపెట్టుకుంటారు. కొండ కొన సరుగుడు తోట మీదికి రావాలి, గుడి గోపురం వాటర్ ట్యాంకు పక్కకి జరగాలి. ఆ రెండు చూపులూ కలిసిన చోట అడుగున రాయి, రాతి దగ్గర చేప. ఆ చోటు పక్క పడవకి చెప్పరు. కట్టుకున్నదానికీ చెప్పరు. పడవ మునుగుతున్నా చెప్పడే ఈయన!

మా నాన్నా చెప్పలేదు. నేను పదో తరగతిలో ఉండగా ఒక పొద్దున వేటకెళ్లి తిరిగి రాలేదు. ఊరి పడవలన్నీ మూడు రోజులు వెతికాయి. ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు.

నేర్చుకున్న గొంతు ఎటు పోయిందో పోయింది.

"మావా! ఏటి దాత్తన్నావు? కొండ దేని మీద కనబడతంది? మా అయ్య కూడా ఇలాగే దాసినాడు. మాకు ఆయన సొక్కా కూడా దొరకనేదు!"

అవతల నీళ్లు తోడుతున్న చప్పుడు.

"నీదే ఊరమ్మా?"

"ముందు కొండ సంగతి సెప్పు మావా."

చెప్పాడు. ఒకటి, రెండు, ఏది దేని మీదికి వచ్చిందో అంతా. నేను 'ల్యాండ్‌మార్క్' అన్న గడిలో ఉన్నదున్నట్టు టైపు చేసి మెరైన్ పోలీసులకి కలిపాను. ఆ ఊళ్లో ఏ పడవవాళ్లకి చదివి వినిపించినా తిన్నగా వెళ్తారని చెప్పాను.

ఫోన్ పెట్టేముందు ఆయన గొంతు తగ్గించి అడిగాడు, "ఎవులికీ సెప్పకమ్మా."

"సెప్పను మావా," అన్నాను. అప్పటికే సగం ఊరికి తెలిసిపోయి ఉంటుంది.

మధ్యాహ్నానికి ముగ్గురూ ఒడ్డెక్కారని కబురొచ్చింది. 'మావా' అన్నందుకు మా సూపర్‌వైజరు పెట్టిన చీవాట్లు నాకు సగమే వినబడ్డాయి.

సెలవు దొరికి ఇంటికి వెళ్లినప్పుడు రైల్లో కొండల వైపు కిటికీ దగ్గరే కూర్చుంటాను. పలాస దగ్గర పడుతుంటే మహేంద్రగిరి కనిపిస్తుంది. సముద్రం మీంచి ఆ కొనని నాన్న ఏ చెట్టు మీద నిలిపి చూసుకునేవాడో అనుకుంటాను. ఊరు చేరాక ఒడ్డున నిలబడి వెతుకుతాను కూడా. తుఫానుకి తోటలు పడిపోయి మళ్లీ లేచాయి, ఇప్పుడు ఏది ఏదో తెలియదు.

నాకొక్కదానికి చెప్పి ఉంటే బాగుండేది నాన్నా. నువ్వు తిరిగి రాని ఆ మొదటి రోజే ఊరంతా చాటేసేదాన్ని. నువ్వు ఇంటికొచ్చి నన్ను తిట్టేవాడివి.