ఏడో నంబరు జోడు

సింహాద్రి బావ అరికాళ్ళ గురించి అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్పై ఏళ్ళు గొప్పలు చెప్పుకున్నాం. అందరికంటే ఎక్కువ చెప్పినవాణ్ణి నేనే, కాటా గుమాస్తాని. బెల్లం లక్ష్మి కదా, మా యార్డులోకి ఎవరూ చెప్పులతో అడుగు పెట్టరు. బావతో సహా కలాసీలందరూ ఉత్త కాళ్ళతోనే బెల్లం దిమ్మలు మోస్తారు. వేసవిలో సిమెంటు గచ్చు పెనంలా కాలుతుంటే మేమంతా గెంతుతాం, బావ మాత్రం తీరిగ్గా నడిచిపోతాడు. "ఇనప కాళ్ళు బావా నీయి!" అని వందమందికి చూపించాను. నా నోరు పడిపోను!

రెండువేల ఏడులో ఆయనకి షుగరు బయటపడింది. ఉత్త కాళ్ళతో తిరగొద్దు, మెత్తటి జోడు కొనుక్కోమన్నాడు డాక్టరు. పెళ్ళాం మరిడమ్మ పోరు పడలేక, నన్ను తోడు తీసుకుని ఆదం భాయ్ చెప్పుల కొట్టుకి వెళ్ళాడు.

షుగరువాళ్ళు వేసుకునే నల్ల చెప్పులు భాయ్ తీయబోతే బావ మొహం చిట్లించాడు.

"అవొద్దు భాయ్. అయేసుకుంటే ఊరంతా జబ్బోడంటాది. అదియ్యి."

అద్దాల బీరువాలో ఆయన చూపించినవి పరుగుపందెం బూట్లు. నీలం రంగు, పక్కన పసుపు గీతలు! నాకు కళ్ళు తిరిగాయి.

"ఏటి బావా, యాభయ్యేళ్ళొచ్చేయి, ఇప్పుడు పరుగెడతావేటి?"

"నువ్వూరుకో బావా. హైస్కూల్లో పందేలప్పుడు టౌను కుర్రోళ్ళు ఇలాటివేసుకుని నా పక్కన నించునేవోళ్ళు. ఉత్త కాళ్ళతో నేనే గెలిసేను గానీ, కళ్ళు మాత్రం ఆటి మీదే ఉండేవి."

ఆదం భాయ్ నవ్వాడు. "పాత మోడలే భాయ్, మళ్ళీ ఫ్యాషన్ అయింది. వీటితో ఇప్పుడు ఎవరూ పరుగెత్తరు. కాలేజీ కుర్రాళ్ళు బజారుకీ సినిమాకీ ఇవే వేస్తున్నారు. సోలు మెత్తన, మీకు మంచిదే."

కాలు కొలిచి తొమ్మిదో నంబరు ఇచ్చాడు. "లూజు" అన్నాడు బావ. ఎనిమిది ఇస్తే, "ఇదీ లూజే. కాలికి జోడున్నట్టే నేదు" అన్నాడు. భాయ్ వింతగా చూసి ఏడు తెచ్చాడు. అందులో బావ మడమ దూర్చేసరికి మా ప్రాణం తోకకొచ్చింది. వేసుకుని కొట్టంతా రెండుసార్లు తిరిగాడు. మొహం మతాబాలా వెలిగిపోయింది.

"ఇదీ జోడంటే! ఇప్పుడు తెలుత్తంది."

"ఇంత బిగుతు మంచిది కాదు" అని భాయ్ కింద కూర్చుని కుడి బూటు లాగాడు. అందులోంచి ఠంగుమని ఏదో పడింది. గల్లాపెట్టె తాళంచెవి! పొద్దున్న పెట్టెలు సర్దుతూ వంగినప్పుడు భాయ్ జేబులోంచి ఆ బూటులోకి జారినట్టుంది, అప్పట్నుంచీ దానికోసమే వెతుకుతున్నాడట.

నేను నవ్వబోయాను. అంతలో బావ అరికాలు కనబడింది. తాళంచెవి పళ్ళతో సహా అచ్చు పడి ఉంది.

"నొప్పి పుట్టలేదా భాయ్?" అన్నాడు ఆదం.

"ఎందుకు?" అన్నాడు బావ.

ఆదం భాయ్ రెండో బూటు కూడా లాగి ఎడమ కాలు ఎత్తాడు. చిటికెనవేలి కింద పుండు, అందులో విరిగిన మేకు ముక్క, చుట్టూ చీము. "యా అల్లా" అని ఆ కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. బావ తన కాలిని ఎవరి కాలో అన్నట్టు చూసుకున్నాడు.

"ఇదెప్పుడు గుచ్చుకుంది బావా? నాకు తెలీనేదే."

ఒకప్పుడు అవి నిజంగా గట్టి కాళ్ళే. ఈమధ్య ఎప్పుడో షుగరు వల్ల స్పర్శ చచ్చిపోయింది. అందుకే బిగుతుగా నొక్కేస్తే తప్ప కాలికి జోడున్నట్టే తెలియడం లేదు. అది మేం గుర్తు పట్టలేదు సరికదా, మెచ్చుకుంటూనే ఉన్నాం. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. చిటికెనవేలు తీసేశారు. ఇంకో వారం ఆగితే పాదమే పోయేదన్నారు.

నెలన్నర తర్వాత బావ తొమ్మిదో నంబరు నీలం బూట్లతో యార్డు గుమ్మం దగ్గరికి వచ్చాడు. అలవాటు చొప్పున విప్పబోయాడు.

"ఇప్పేవంటే సంపెత్తాను!" అని అరిచాను.

కలాసీలంతా తిరిగి చూశారు. అందరికంటే పెద్దవాడు తాతబ్బాయి దగ్గరికొచ్చి, "రోడ్డు తొక్కని జోడు ఇంకోటి తెచ్చుకోరా. లచ్చిమి ఏటీ అనుకోదు" అన్నాడు. అప్పట్నుంచి బావకి ఒకే రంగువి రెండు జోళ్ళు, ఒకటి రోడ్డుకి, ఒకటి యార్డుకి.

యార్డు జోడు వచ్చిన రోజు, వేసుకునే ముందు బావ బూటులో చెయ్యి పెట్టి మూలమూలా తడిమాడు. "కాలు సెప్పదు బావా, సెయ్యినడగాల" అన్నాడు.

తాతబ్బాయి అది చూసి గోడకి ఆనుకుని, తన అరికాలు గట్టిగా గిల్లుకున్నాడు. "అబ్బా!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు అందరూ గిల్లుకున్నారు. నేనూ గిల్లుకున్నాను. చురుక్కుమంది. దేవుడా, ఎంత హాయిగా ఉందో!