అత్త నింపిన బిందె

మా మేనత్త చనిపోయిందని తమ్ముడు కర్నూలు దవాఖాన నుంచి ఫోన్ చేసినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్ల పెంకులు తీస్తున్నాను. "అక్కా, అత్త లేదు" అన్నాడు. అంతే. చేతిలో ఉన్న గుడ్డు పెంకు తీయడం పూర్తిచేసి, ఎదురుగా కూర్చున్న పిల్ల పళ్లెంలో పెట్టి, చేతులు కడుక్కొని బయటికి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద బిందె ఉంది. అత్తను దవాఖానకు తీసుకుపోయిన పొద్దు నేను ఆమెకు ఎదురు తీసుకుపోయిన బిందె అది. తెచ్చి పెట్టిన చోటే ఉంది. ఎవరూ ముట్టలేదు.

పక్కింటామె గోడ మీదుగా చూసింది. "పోయిందట గదనే మీ అత్త" అంది. అరుగు మీది బిందె చూసి, "నువ్వే గదా ఎదురొచ్చింది" అంది. తిట్టినట్టు అనలేదు. వాన పడింది అన్నట్టు అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. నా చిన్నతనమంతా దానితోనే గడిచింది. దాన్ని నాలోంచి తీయడానికి అత్తకు ఏండ్లు పట్టింది. ఆమె పోయిన పొద్దే అది మళ్లీ నా ఇంటికి వచ్చింది. ఇప్పుడు దాన్ని లోపలికి రానిస్తే అత్త చేసిన పని అంతా పోతుంది. రానివ్వకుండా ఉండడం నాకు చేతనవుతుందో లేదో తెలియదు. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఇదే రాయవలసి వచ్చింది.

నాకు ఏడేండ్లప్పుడు మా నాయిన పూణె దిక్కు కాలువ పనికి పోయాడు. మానవపాడు చుట్టుపక్కల మాలాంటి ఇండ్లలో పంటలేని కాలం మొగోళ్లు అట్లాగే పోయేవాళ్లు. కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రి లారీ చావిడి దగ్గర ఆగేది. నాయిన మూట తీసుకొని వీధిలోకి నడిచేసరికి నేను బిందెతో ఎదురొచ్చానట. ఖాళీ బిందెతో. ఆ ఎండాకాలం దాటకముందే కొండరాయి జారి ఆయన మీద పడింది. అక్కడే మట్టి చేశారు.

"ఖాళీ బిందె ఎదురొచ్చె, నా కొడుకు మళ్ల రాకపాయె" అని మా అవ్వ ఏడ్చేది. నన్ను తిట్టేది కాదు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని, తల నిమురుకుంటూనే ఆ మాట అనేది. అందుకే అది అంత లోపలికి పోయింది.

ఆ తర్వాత వీధిలో ఎవరన్నా ప్రయాణం అవుతుంటే, "ఆ పోరి లోపలున్నదా?" అని అడిగేవాళ్లు. కొన్నాళ్లకు అడగవలసిన పని లేకుండా పోయింది. చెప్పుల చప్పుడు వినిపిస్తే నేనే తలుపు వెనక్కి పోయేదాన్ని. తలుపుకూ గోడకూ నడుమ సందులోంచి వీధి సన్నగా కనిపించేది. ఎద్దులు కొనడానికి పోయేవాళ్లు, సంబంధం చూడడానికి పోయేవాళ్లు ఆ సందులో కనిపించి మాయమయ్యేవాళ్లు. నా ఎదురు మంచిది కాదు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. బాధగా కూడా ఉండేది కాదు. పొట్టిగా ఉన్నాను, నల్లగా ఉన్నాను అన్నట్టే అదీ ఒకటి.

అత్త మా నాయినకు అక్క. ఆయనను చంకనేసుకొని పెంచిన మనిషి. తెలకపల్లి దిక్కు ఇస్తే అక్కడ కాపురం నిలవక, నాకు బుద్ధి తెలియకముందే మా ఇంటికి తిరిగి వచ్చింది. పిల్లల్లేరు. మా నాయిన పోయాక మా అమ్మతో కలిసి ఇల్లు నెట్టుకొచ్చింది. కలుపులకు, ఆ తర్వాత సీడు పత్తి చేన్లలో పూలకు పూలు రాసే క్రాసింగు పనికి పోయేది. నన్ను తిట్టే హక్కు ఎవరికన్నా ఉంటే ఆమెకే ఉండాలి.

ఆమె మెత్తని మనిషి కాదు. జొన్నరొట్టె కొంచెం మాడినా పక్కకు నెట్టేది. తంబాకు నోట్లో ఉన్నప్పుడు ఎవరన్నా పలకరిస్తే కసురుకునేది. ఎవరు ఏ కబురు తెచ్చినా, "సూసి చెప్తున్నవా, ఇని చెప్తున్నవా?" అని అడిగేది. విని చెప్తున్నానంటే, "అయితే పక్కకు వెట్టు" అనేది. చాలామంది ఆమెకు కబుర్లు చెప్పడమే మానుకున్నారు.

ఒక పొద్దు మా చిన్నాయన ఇటిక్యాలకు పిల్లను చూడడానికి బయలుదేరుతున్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను. అత్త తలుపు లాగింది.

"ఏందే కోడలా, తలుపెనక ఏం జేస్తున్నవ్? బల్లులు వడుతున్నవా?"

నేను చెప్పాను. నా ఎదురు మంచిది కాదని, ఖాళీ బిందె సంగతి, అంతా. ఆమెకు తెలియదని కాదు. నా నోటితో వినాలని అడిగిందేమో. విని, తంబాకు ఉమ్మేసి వచ్చి నా ముందు కూర్చుంది.

"ఖాళీ బిందె అని ఎవలు చెప్పిన్రు?"

"అవ్వ."

"బిందె నిండుగుండె. నేను సూసిన. నువ్వు బోరింగు కాడ్నుంచి వస్తుంటివి, పోతలేవు. నెత్తి మీద సుట్టబట్ట తడిసి నీళ్లు నీ మొకం మీద కారుతుండె. మీ నాయిన నిన్ను ఆపి రెండు దోసిళ్లు తాగి లారీ ఎక్కిండు."

"నాకు యాదికి లేదత్తా."

"నీకేం యాదికుంటది, ముక్కు తుడుసుకోను తెల్వని పోరివి. నాకు యాదికున్నది."

పొయ్యి దగ్గర కూర్చున్న అవ్వ తల తిప్పింది. "నువ్వు యాడున్నవే గప్పుడు?"

"ఆడనే ఉన్న. నీ కండ్లల్ల నీళ్లు నిండుండె, నేను యాడ కనవడ్త నీకు?"

అవ్వ మళ్లీ పొయ్యి దిక్కు తిరిగింది. అమ్మ రొట్టె తిరగేస్తూ తల ఎత్తలేదు. అప్పుడు అవి నేను గమనించినా అర్థం చేసుకోలేదు.

ఆ పొద్దు నుంచి నా దగ్గర రెండు కథలు ఉండేవి. ఒకదాంట్లో నేను ఖాళీ బిందెతో నాయినకు ఎదురొచ్చాను. ఇంకోదాంట్లో నాయిన వంగి నా బిందెలోంచి నీళ్లు తాగాడు. రెండోది నమ్మడం అంత తొందరగా రాలేదు. కొన్నాళ్లకు అడిగాను. నిండు బిందె ఎదురొస్తే మంచిదైతే నాయిన ఎందుకు సచ్చిపోయాడని.

అత్త చేతిలో ఉన్న చింతకాయలు ఒలుస్తూ ఉంది. తర్వాత అంది:

"రాయికి బిందె సంగతి తెల్వదు బిడ్డా. రాయి జారింది, మీ నాయిన కింద ఉండె. ఖాళీ బిందె అయినా జారుతుండె, నిండు బిందె అయినా జారుతుండె. కాని వాడు నోరెండి దూపతోటి పోలే. నువ్వు చెప్పుకుంటె గది చెప్పుకో."

నాకు తెలిసి ఆమె అంత పొడుగు మాట చెప్పింది ఆ ఒక్కసారే.

మరుసటి రోజు నుంచి పనికి పోయే ముందు నన్ను ఎదురు రమ్మనేది. మొదటి పొద్దు బిందెలో నీళ్లు ఒలికి నా పావడా తడిసింది. మాపటికి ఆమె తిరిగి వచ్చి గడపలో నిలబడి, "సూడు, కాళ్లున్నయి, చేతులున్నయి, నోరు గూడ ఉన్నది. ఇంకేం గావాలె?" అంది. "నోరు యాడికి పోతది" అని అమ్మ నవ్వింది.

ఒకనాడు తేలు కుట్టి చెయ్యి వాచి వచ్చింది. నేను తలుపు వెనక్కి పోయి ఏడుస్తున్నాను. ఆ చేతితోనే నన్ను బయటికి గుంజింది. "తేలు నువ్వు ఎదురొస్తె కుట్టలే. రాయి కింద చెయ్యి వెడ్తె కుట్టింది. ఏడుసుడు ఆపి సున్నం తే."

మెల్లగా ఆమెతో పనికి పోయే ఆడవాళ్లు కూడా మా వాకిట్లో ఆగడం మొదలుపెట్టారు. "ఏయ్ పోరీ, మాకు గూడ జర ఎదురు రా" అనేవాళ్లు, సగం ఎగతాళిగా. కొందరు చివరిదాకా ఆగలేదు. వీధి చివరి ముసలాయన నన్ను చూస్తే ఇప్పటికీ వెనక్కి పోయి, కూర్చొని, మళ్లీ బయలుదేరుతాడు. ఊరంతా మారలేదు. నేను మాత్రం తలుపు వెనక నుంచి వచ్చేశాను. బడికి పోయాను, పది పాసయ్యాను, ఊర్లోనే పెండ్లి చేసుకున్నాను.

అయితే చెప్పుకునే మాట మారిస్తే అన్నీ మారతాయని నేను రాయలేను. అత్త తన సంగతి కూడా మార్చి చెప్పుకునేది. మొగుడు వెళ్లగొట్టాడని ఊరు అంటే, "వాడు ఎల్లగొట్టలే, నేనే ఎల్లొచ్చిన" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నడుం నిటారుగా ఉండేది. కాని ఒకసారి పెండ్లికని నాగర్‌కర్నూల్ పోయాం. బస్టాండులో పక్క బస్సు కండక్టరు "తెలకపల్లి, తెలకపల్లి" అని పిలిచాడు. అత్త కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆ బస్సు కదిలి వెళ్లేదాకా తీయలేదు. తీశాక, "దుమ్ము" అంది. నేను అటు చూడలేదు.

పోయిన ఏడాది ఆమె కిడ్నీలు చెడిపోయాయి. నీళ్లు కొలిచి తాగమన్నారు. ఎండలో పనిచేసి చెంబులు చెంబులు తాగిన మనిషి చిన్న గ్లాసు పట్టుకొని కూర్చునేది. కాళ్లు వాచి, ఊపిరి ఆడకపోతే, ఒక ఆదివారం పొద్దున తమ్ముడు ఆటో పిలిచాడు. నేను అమ్మ వాళ్లింటికి పోయాను కాని వాకిట్లోకి పోలేదు. సందు మలుపులో నిలబడ్డాను. ఎందుకో మీకు చెప్పనక్కర లేదు.

ఆటోలోంచి ఆమె గొంతు వినిపించింది. "కోడలేది? ఎదురు రమ్మను."

ఇంటికి పోయి బిందె నింపుకొని వచ్చాను. ఆటో ముందుకు నడిచాను. ఆమె ఆపమంది. బిందె దగ్గరికి తెమ్మంది. చెయ్యి ముంచి తాగింది. తమ్ముడు, "అత్తా, డాక్టరు వద్దన్నడు గదా" అన్నాడు. "డాక్టరుకు దూప అయితలేదు" అని ఇంకో దోసిలి తాగింది. గడ్డం మీద నీళ్లు తుడుచుకోలేదు.

"ఇగ సూడు" అంది నాతో. "వస్తనో రానో నా కిడ్నీలకు ఎరుక. నీకు సంబంధం లేదు. ఎవలన్న అడిగితె, అత్త దూపతోటి పోలేదని చెప్పు."

ఆటో పోయింది. ఆమె మళ్లీ రాలేదు. వచ్చింది కాని అది రావడం కాదు.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం అమ్మ పక్కన కూర్చొని ఉన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని, "నాయిన నీళ్లు తాగింది అత్త ఒక్కతే సూసిందా? నువ్వు సూడలేదా?" అని అడిగాను.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ అత్త ఆ పొద్దు ఊర్లనే లేకుండె. రాయిచూరు దిక్కు పత్తి ఏరనీకి పోయుండె. మీ నాయిన పోతున్నడని కబురు వోయె, వచ్చేసరికి లారీ ఎల్లిపాయె. ఆకిరి సూపు గూడ లేకపాయె దానికి."

"మరి బిందె?"

"ఎవలు సూసిన్రు? నేను లోపట నీ తమ్మునికి పాలిస్తున్న. మీ అవ్వ కొడుకు పోయేది సూడలేక పెరట్ల కూసున్నది. వీధిల ఎవలో అన్నరంట ఖాళీదని. వాళ్లన్న సూసిన్రో లేదో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు తలుపెనకనుంచి వస్తివి గదా" అంది అమ్మ. "మళ్ల ఎట్ల చెప్పాలె?"

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. చూసి చెప్తున్నవా, విని చెప్తున్నవా అని ఊరందరినీ నిలదీసిన మనిషి, చూడనిది చూశానని ఒక్కసారి చెప్పింది. దాన్ని చచ్చేదాకా మార్చలేదు. నా కోసమే చెప్పిందని అనుకున్నాను మొదట. కాని ఆ కథలో ఆమె కూడా ఉంది. లారీ పక్కన, తమ్ముడు నీళ్లు తాగుతుంటే చూస్తూ నిలబడి ఉంది. చంకనేసుకొని పెంచినవాడు దూపతో పోలేదన్న మాట నాకంటే ఆమెకే ఎక్కువ కావాలేమో. నాకు ఒక నాయినను ఇస్తూ, తనకు ఒక ఆఖరి చూపు కల్పించుకుంది. దాన్ని అబద్ధం అనడానికి నాకు నోరు రాలేదు. నిజం అనడానికి కూడా ఎవరూ మిగలలేదు.

నిన్న పొద్దున వీధిలో చెప్పుల చప్పుడు వినిపించింది. పక్కింటామె కూతురు నర్సు చదువు కోసం గద్వాలకు బయలుదేరుతోంది. "జర ఆగు, ఆమె లోపలున్నదా సూడనియ్యి" అని తల్లి గొంతు తగ్గించి అనడం నాకు వినిపించింది. ఎప్పుడు లేచానో తెలియదు, నేను తలుపు వెనక ఉన్నాను. తలుపుకూ గోడకూ నడుమ సందులోంచి వీధి సన్నగా కనిపిస్తోంది. ఇల్లు వేరైనా, ఇన్నేండ్ల తర్వాత కూడా ఆ సందు నా కంటి ఎత్తుకే ఉన్నట్టు అనిపించింది.

తలుపు లాగే చెయ్యి లేదు ఇప్పుడు. కాసేపు ఎదురుచూశాను, వస్తుందని కాదు. తర్వాత నేనే లాగాను.

అరుగు మీద బిందెలో నీళ్లు అత్త తాగిన మేర తక్కువగా ఉన్నాయి. పాత నీళ్లు మందార మొదట్లో పోసి, కొత్తవి అంచుదాకా నింపాను. నెత్తిన చుట్టబట్ట పెట్టుకొని బిందె ఎత్తుకొని వీధిలోకి నడిచాను. తల్లి ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ పిల్ల మాత్రం ఆగింది. ఏమనాలో తెలియక నిలబడి, చేతిలోని సంచి కింద పెట్టి దోసిలి పట్టింది. నేను బిందె వంచాను.

ఆమె పోయాక తిరిగి చూస్తే, మా గడప నుంచి వీధి నడుమదాకా ఒలికిన నీళ్ల చార ఉంది. ఒక చివర నుంచి ఎండకు ఆరుతోంది.