నిలబడి చెప్పాల్సిన మాట

తెల్లవారుతూండగా మా వీధి సిమెంటు రోడ్డు మీద రబ్బరు బూట్ల చప్పుడు వినిపిస్తుంది. విజయనగరంలో మా ఇంటి ముందు నుంచి రోజూ ముగ్గురు నలుగురు కుర్రాళ్లు పరిగెత్తుకుంటూ వెళ్తారు. చెవుల్లో తీగలు పెట్టుకుని ఉంటారు. పాల పాకెట్లు వేసేవాడు వాళ్ల వైపు చూడడు. వాకిలి ఊడుస్తున్న ఆడవాళ్లు తలెత్తరు. ఒక మనిషి పరిగెడుతూంటే ఎవరూ ఎందుకని అడగకపోవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. ఆ చప్పుడు వినగానే నాలో మొదట కదిలేది విసుగు. సామ్యేలు మాస్టారి మీద విసుగు. ఆయన పోయి ఏడాది దాటింది. విసుగు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అరవైల చివర్లో నేను కోటబొమ్మాళి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఆయన అక్కడ డ్రిల్లు మాస్టారు. చిన్నప్పుడు నాకూ ఆయనే డ్రిల్లు నేర్పారు. అందుకని స్టాఫ్‌రూంలో అందరి ముందూ నన్ను “ఒరే మేస్టారూ” అని పిలిచేవారు. “ఒరే” పాత శిష్యుడికి, “మేస్టారూ” కొత్త ఉద్యోగానికి. బాప్టిస్టు సంఘం మనిషి. పొట్టిగా ఉండేవారు. ఎడమ మోకాలు సరిగా వంగదు కాబట్టి ఎక్కడికైనా సైకిలు మీదే. ఆ సైకిలు మీద కూడా ఎక్కడికీ వేళకు చేరేవారు కాదు. దారిలో ఎవరు పలకరించినా దిగి, స్టాండు వేసి, పూర్తిగా జవాబు చెప్పి మరీ కదిలేవారు. బడిగంట కొట్టేశారని నేను గుర్తు చేస్తే, “అడిగినోడికి సెప్పకుండా ఎలాగ వచ్చీమంటావురా?” అనేవారు. అలాంటి మనిషితో పరుగు పందెం పెట్టుకోవడం ఎంత తెలివితక్కువ పనో నాకు అప్పుడు తెలియలేదు.

విజయనగరంలో మారథాన్ పెడుతున్నారని ఆయన పేపర్లో చదివారు. ఇరవయ్యారు మైళ్ల పైచిలుకు. పేపరు మడిచి నా బల్ల మీద పెట్టి, “ఒరే మేస్టారూ, నువ్వు పరిగెడతన్నావు,” అన్నారు. అడగలేదు, చెప్పారు. “నా మోకాలు ఇలాగయిపోనాది గానీ నేకపోతే నీతో నాకేటి పని?” రెండో మనిషిగా మా అక్క మొగుడు అప్పన్నను పట్టుకున్నారు. బావ వరి, వేరుశనగ పండించే రైతు. పొలం గట్ల మీద ఎప్పుడూ పరుగులాంటి నడకే. ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, “పరిగెడతన్నంతసేపూ మీ అక్క కేకలు ఇనబడవు బావా,” అన్నాడు.

పరిగెత్తడం కన్నా ముందు పందెంలో చేరడమే పెద్ద పనైంది. మాస్టారూ నేనూ రైలెక్కి విజయనగరం వెళ్లి పందెం కార్యదర్శిని కలిశాం. విడి మనుషుల్ని తీసుకోం అన్నాడాయన. ఏదో ఒక సంఘం తరఫున రావాలట, ఆ సంఘానికి బోర్డూ ముద్రా ఉండాలట. మా ఊళ్లో బోర్డూ ముద్రా ఉన్న సంఘం ఒక్కటే, శ్రీరామ భజన సమాజం. నేను నవ్వాననుకుంటాను. మాస్టారు నవ్వలేదు. ఆ సాయంత్రమే భజన మందిరం గుమ్మంలో చెప్పులు విప్పి, సమాజం పెద్ద గున్నయ్యగారి ముందు నిలబడ్డారు. గున్నయ్యగారు బియ్యం వ్యాపారి, మాట కరుకు. అంతా విని, “రాముడి పేరు బనీను మీద ఏసుకుని మజ్జిలో కూలబడితే నవ్వేది వాళ్లని కాదు సామ్యేలూ, మమ్మల్ని,” అన్నారు. “కూలబడరు. సివరికంటా ఎల్తారు. సర్చీకెళ్లేవోణ్ని, మీ మందిరంలో నిలబడి మాటిస్తన్నాను,” అన్నారు మాస్టారు. ముద్ర పడింది. ఆ ఆదివారం పాస్టరుగారు ఆయన వైపు చూడకుండా ప్రసంగం చేశారని తర్వాత ఎవరో చెప్పారు. అటు మందిరంలో, ఇటు చర్చిలో ఆయన పరువు మా నాలుగు కాళ్ల మీద ఆధారపడింది. ఇంత బరువు నెత్తిన పెట్టమని మేం ఎవరం అడగలేదు.

బడి వదిలాక నరసన్నపేట వైపు రోడ్డు మీద మా సాధన మొదలైంది. వట్టి కాళ్లు, కడుపులో చోడంబలి, అంటే రాగి జావ. అది తాగందే ఆయన కదలనిచ్చేవారు కాదు. ఎండ, ముళ్లు, లారీల దుమ్ము ఎలాగో భరించాం. భరించలేనిది జనం. మా వైపు అప్పట్లో ఎదిగిన మగవాడు రోడ్డు మీద పరిగెత్తాడంటే ఒకటే అర్థం: ఎవరో పోయారు. పల్లెలకు ఫోన్లు లేవు. చావు కబురు మనిషే మోసుకెళ్లాలి. తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి చెప్పడు. అరుగు మీద కూర్చుంటాడు, మంచినీళ్లు అడుగుతాడు, ఆ తర్వాత మెల్లగా చెబుతాడు. అందుకని మేం ఏ ఊరు దాటినా జనం పనులు వదిలేసి రోడ్డు మీదికి వచ్చేవారు. “ఎవులు పోనారు బాబూ?” “ఏ ఊరు కబురు?” “ఓలమ్మో, ఆగండ్రా, ఎవులింటికిరా?” అంటూ ముసలివాళ్లు కూడా కర్రలు పట్టుకుని మా వెంట వచ్చేవారు. ఊపిరాడనివాడు ఎంతమందికని జవాబు చెబుతాడు?

దీనికి మాస్టారు కనిపెట్టిన ఉపాయం తాను సైకిలు మీద ముందు వెళ్లడం. ప్రతి ఊరి మొదట్లోనూ బెల్లు కొడుతూ, “ఎవులూ పోనేదు! ఒట్టినే పరిగెడతన్నారు!” అని కేకేసేవారు. దాంతో అయిపోవాలి. కానీ ఒట్టినే ఎందుకని ఎవరో అడుగుతారు. ఆయన సైకిలు దిగుతారు. ఒకరోజు మేం చేరేసరికి ఒక బడ్డీ ముందు పదిమందిని పోగేసి గ్రీసు దేశం కథ చెబుతున్నారు. పూర్వం ఒక సిపాయి యుద్ధం కబురు పట్టుకుని అంత దూరం పరిగెత్తి, గెలిచామని చెప్పి, అక్కడే ప్రాణం విడిచాడని. బడ్డీ ముసలాయన చుట్ట నోట్లోంచి తీశాడు. “సెప్పీసి సచ్చిపోనాడా? మరి అయితే ఎవులూ పోనేదంటావేటి?” మాస్టారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈలోగా మేం ఆయన్ని దాటి, కేక పడని పక్క ఊళ్లోకి చేరిపోయాం. అక్కడ మాకోసం ఒక ఆడమనిషి అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

ఇలా కొన్నాళ్లు గడిచాక బావకు ఓపిక పోయింది. ఒక సెలవురోజు పొద్దున్నే సాధనకు వెళ్లినప్పుడు, ఒకచోట కళ్లంలో ఉన్న రైతు, “ఎవులు పోనారురా?” అని అడిగితే, “మీ మావ పోనాడు!” అని కేకేసి పరుగు ఆపకుండా వెళ్లిపోయాడు. వెటకారానికి అన్న మాట. కానీ ఆ రైతు భార్య అక్కడే ఉంది. ఆ మావ ఆమె కన్నతండ్రి. వెనక నుంచి ఏడుపు వినిపించేసరికి మేం చాలా దూరం వచ్చేశాం. మాస్టారు మోకాలు నొప్పిని కూడా మరిచి తొక్కుకుంటూ వచ్చి సైకిలు మాకు అడ్డం పెట్టారు. మొహం ఎర్రబడింది. “ఒరే అప్పన్నా! పరిగెట్టీవోడికి ఊపిరి తక్కువుంటాది, నిజివే. అడిగినోడికి అంతకన్నా తక్కువుంటాదిరా!” బావ తలదించుకున్నాడు. “తప్పైపోనాది మేస్టారూ. ఎల్లి సెప్పీసొస్తాను.” “నువ్వు సెప్తే ఇప్పుడు ఎవులు నమ్ముతారు? నోటితో సంపీసినావు, కాళ్లతో బతికించు. ఆ ముసలోడి ఊరెల్లి, ఆడి నోటి మాట పట్టుకుని రా.” నావైపు తిరిగి, “నువ్వూ ఎల్లు,” అన్నారు. నేనేం చేశానని? అడిగాను కూడా. “పక్కనే ఉండి నవ్వినావు,” అన్నారు. నవ్వలేదు, ఆయాసపడ్డాను. ఆయన వినలేదు.

ఆ ఊరు టెక్కలి అవతల. వెళ్లాం. ముసలాయన అరుగు మీద వేరుశనగ కాయలు ఒలుచుకుంటున్నాడు. సంగతి విని ముందు తిట్టాడు. “సచ్చిపోనానని ఎవుడు సెప్పేడ్రా? సూడు, నాను బాగానే ఉన్నాను.” గుర్తుగా ఏదైనా మాట చెప్పమని బతిమాలితే కొంచెం ఆలోచించి, “దాని సేతి పులుసు తిన్లేక రావడం మానీసేను, అంతేగానీ సావనేదని సెప్పండి,” అన్నాడు. పొద్దుగూకేవేళకు ఆ మాట తెచ్చి అప్పగించాం. కూతురు విన్నది, మా నాయన మాటే అని ఏడుస్తూనే నవ్వింది, తర్వాత చీపురు తిరగేసి బావ వెంటపడింది. మేం రోడ్డు మీద కూలబడి ఉంటే మాస్టారు పక్కన మైలురాళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఉన్నట్టుండి గంతేసినంత పని చేశారు. “ఒరే, ఇది మారథాన్ కన్నా ఎక్కువేరా!” అప్పుడు ఆయన్ని కొట్టాలనిపించింది. కానీ చివరిదాకా వెళ్లగలమన్న నమ్మకం మాకు ఆ రోజే కలిగింది. అది కూడా విసుగు తెప్పించే విషయమే.

పందెం రోజు సున్నంతో గీసిన గీత వెనక నిలబడ్డాం. ఛాతీ మీద గంజి వాసన కొట్టే కొత్త బనీను, దాని మీద సమాజం పేరు పూర్తిగా, పొల్లు పోకుండా. పక్కన సైకిళ్లు రాకూడదని కార్యదర్శి చెప్పాడు. మాస్టారు మొహం వాడిపోయింది. “అడిగినోళ్లకి సెప్పకుండా ఎల్లకండిరా,” అని మాత్రం అన్నారు. పరుగు గరివిడి వైపు వెళ్లి తిరిగి రావాలి. బావ ముందుకు పోయాడు. నేను వెనక పడ్డాను. గుంపు వెళ్లేటప్పుడు జనం పందెమని చూశారు. తిరిగి వచ్చేటప్పుడు ఒంటరిగా, నోరు తెరుచుకుని, కాళ్లీడుస్తూ వస్తున్నవాణ్ని చూసి పందెమని ఎవరనుకుంటారు? రోడ్డు పక్క ఇంటి ముసలమ్మ ఒకామె పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “సాలూరు నుంచేనా బాబూ? నా కొడుకు లారీ ఏటైనాది?”

“ఎవులూ పోనేదమ్మా, ఒట్టినే పరిగెడతన్నాను,” అన్నాను. ఆమె చెయ్యి వదల్లేదు. కూర్చోబెట్టి నెమ్మదిగా చెబితే నమ్ముతుందనుకుని అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను. గొంతు ఎండిపోయి మాట రాక, మంచినీళ్లు అడిగాను. అంతే. ఆమె గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు చేరారు. నేను ఎంత మెల్లగా, ఎంత మర్యాదగా చెబితే ఆమె ఏడుపు అంత పెరిగింది. చివరికి నాకు పిచ్చెక్కి, లేచి, ఏమీ చెప్పకుండా పరిగెత్తాను. వెంటనే ఏడుపు ఆగింది. కబురు తెచ్చినవాడు కబురు చెప్పకుండా వెళ్లడు కదా. వెళ్లాడంటే కబురు లేదన్నమాట. “పనీపాటా నేని సచ్చినోడా!” అన్న తిట్టు వెనక నుంచి వినిపించింది. అంత హాయిగా వినిపించిన తిట్టు నా జీవితంలో మరొకటి లేదు.

మైదానానికి చేరేసరికి షామియానా విప్పేశారు. గడువు దాటిందని కార్యదర్శి వెళ్లిపోయాడు. బావ చెట్టు కింద పడుకుని ఉన్నాడు. సున్నపు గీత మీద మాస్టారు సైకిలుకు స్టాండు వేసి నిలబడి ఉన్నారు. మైదానం శుభ్రం చేసేవాళ్లతో, “గీత సెరపకండి బాబూ, మావోడు వస్తన్నాడు,” అని మధ్యాహ్నం నుంచీ చెబుతూనే ఉన్నారట. గీత దాటి పడిపోయాను. ఎందుకు ఆలస్యమైందో చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆయన తల పట్టుకున్నారు. “ఒరే మేస్టారూ, సెప్పమన్నాను గానీ కూకోమన్నానా? నీళ్లడగమన్నానా? కూకున్నావంటే సావు కబురేరా! బతికున్న కబురు నిలబడే సెప్పాల, నవ్వతా సెప్పాల, ఎల్తా సెప్పాల. ఈ మాత్రం తెలీదేటి నీకు?” కాళ్లు బొబ్బలెక్కినవాడితో మాట్లాడే పద్ధతి అది. ఊరు చేరాక గున్నయ్యగారు ఒకటే అడిగారు. “బనీను సివరికంటా ఎల్లిందా?” “ఎల్లింది. మజ్జిలో ఒక ఇంటికాడ ఆగింది,” అన్నారు మాస్టారు.

తర్వాత మేం ఇంకే పందేనికీ వెళ్లలేదు. కానీ నలభై ఏళ్లుగా నేను ఎప్పుడు బావ ఇంటికి వెళ్లినా గుమ్మంలోంచే కేకేసేవాడు, “ఎవులు పోనారు బావా?” నేను నిలబడే, నవ్వుతూనే చెప్పేవాణ్ని, “ఎవులూ పోనేదు.” ఆస్పత్రి వరండాల్లో, రిజల్ట్సు వచ్చే రోజున బడి మెట్ల దగ్గర, నాకు ఎదురొచ్చి అడిగిన ప్రతివాళ్లకీ అలాగే చెప్పాను. మంచి కబురైతే కూర్చోకుండా, ఆలస్యం చెయ్యకుండా. ఆయన నాకు నేర్పినదాంట్లో పరుగు కన్నా ఇదే ఎక్కువ కాలం పనికొచ్చింది.

పోయినేడు మాస్టారి కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను కోటబొమ్మాళిలోనే ఉన్నాను. బావకు ఫోన్లో చెప్పాలనిపించలేదు. వాళ్ల ఇంటికి నడిచాను. నడక ఎప్పుడు పరుగైందో తెలియదు, ఈ వయసులో. బావ దూరం నుంచే చూసి ఎప్పటిలాగే కేకేశాడు. “ఎవులు పోనారు బావా?”

నేను వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. మంచినీళ్లు అడిగాను.