ఆరో నంబరు గాలిమర

ఆలూరు అవతల గుట్ట మీద సర్కారు ఆరు గాలిమరలు నిలబెట్టిన ఏడాది దావూద్‌కు ఇరవై ఆరేళ్ళు. అంతకుముందు బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిషింగు మిషను దగ్గర పనిచేసేవాడు. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంటే పని మానేసి, భార్య ముబీనా పుట్టిల్లు ఆలూరే కాబట్టి అక్కడికి వచ్చేశాడు. ఎత్తు ఎక్కడానికి జంకనివాళ్ళు కావాలంటే గుట్టెక్కాడు.

గాలిమర లోపల వంద అడుగుల ఇనుప నిచ్చెన. నెలనెలా ఆరూ ఎక్కి బోల్టులు బిగించి గ్రీసు పెట్టడం అతని పని. మొదట్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకొని చూడ్డానికి వచ్చేవాళ్ళు. పదేళ్ళు దాటాక వాటిని తయారుచేసిన కంపెనీయే మూతబడింది. విడిభాగాలు రావడం ఆగిపోయింది. రెండో నంబరు గేర్లు అరిగి ఆగింది. నాలుగో దాని మీద పిడుగు పడింది. ఆగినవాటిని విప్పి, తిరిగేవాటికి అతికిస్తూ దావూద్ ఇంకో ఇరవై ఏళ్ళు లాక్కొచ్చాడు. ఈలోగా చుట్టూ ప్రైవేటువాళ్ళ పెద్ద గాలిమరలు లేచాయి. గుట్ట మీద చివరికి ఆరో నంబరు ఒక్కటే తిరుగుతూ మిగిలింది.

పోయిన వేసవిలో దాన్నీ విప్పేయమని ఉత్తర్వు వచ్చింది. క్రేను వచ్చింది కానీ, రెక్కలు ఆపడం ఎవరికీ చేతకాలేదు. కిందినుంచే ఆపే స్విచ్చు ఎప్పుడో పాడైపోయింది. పైకెక్కి చేత్తో బ్రేకు బిగించాలి.

"దావూద్ అన్నా, ఎట్లా అడగాలో తెలీడం లేదు" అంది కొత్త ఇంజనీరు జీవిత. "ఆ బ్రేకు సంగతి మీకు తప్ప ఎవరికీ తెలీదంట."

"యాభై ఎనిమిదేండ్లు మేడమ్ నాకు. మోకాళ్ళు నా మాట ఇంటల్లేవు."

"వద్దులే అన్నా. బయటినుంచి ఎవరినైనా పిలిపిస్తా."

"వచ్చినోడు ఇరగ్గొడతాడు. నేనే పోతాలే."

నాలుగుసార్లు ఆగి ఎక్కాడు. పైన పావురాల రెట్టల వాసన. బ్రేకు చక్రానికి భుజం ఆనించి తిప్పాడు. రెక్కలు నెమ్మదించి, ఒక్కసారి వెనక్కి ఊగి నిలిచిపోయాయి. ఏడుపొస్తుందేమో అనుకున్నాడు. రాలేదు. ఒళ్ళంతా అలసట, అంతే. అక్కడే చతికిలబడ్డాడు.

"ఏమప్పా, బాగుండావా?" కిందినుంచి క్రేను మేస్త్రీ కేకేశాడు.

"బాగుండా. రోంతసేపు కూసోనీండి."

అరగంట తర్వాత దిగాడు. రెక్కలు దించడం చూడకుండా ఇంటికి వచ్చేశాడు.

"నిలిచిపాయనా?" అడిగింది ముబీనా.

"నిలిచిపాయ."

"మళ్ళా ఎక్కే పని ల్యాదు గదా?"

"ల్యాదు."

ఆమె అతని మోకాళ్ళకు కాపడం పెట్టడానికి నీళ్ళు కాచింది.

జీవిత మాటసాయంతో పై సోమవారం నుంచి దావూద్‌కు సబ్‌స్టేషన్ గేటు దగ్గర కాపలా పని దొరికింది. కూర్చుని చేసే పని. మొదటి వారమంతా ఆ కుర్చీలోనే కునికిపాట్లు పడ్డాడు. వచ్చేపోయేవాళ్ళు చూశారు కానీ, ఎవరూ లేపలేదు.