మునివెంకటప్ప కట్టిన కంచె

బర్గూరు క్వారీలో ఇరవై ఏళ్లు మందు పెట్టి బండలు పేల్చినవాడు మునివెంకటప్ప. ఒకసారి తాను పేల్చిన బండ ఒకటి ఎగిరిపోయి రాయకోట కొండ మీద పడిందనీ, అక్కడి కోటగోడకు ఏ రాజూ పెట్టని గుమ్మం ఒకటి ఏర్పడిందనీ చెబుతాడు. ఆ గుమ్మాన్ని చూసినవాళ్లు లేరు గాని, నమ్మినవాళ్లకు కొదవ లేదు. అరవై దాటి, చెవులు సగం మూసుకుపోయాక, దేన్నీ పేల్చని పని ఒకటి పట్టాడు. ఏనుగులు తిరిగే పొలాలకు సోలార్ కంచెలు కడతాడు.

కంచెకు కరెంటిచ్చే పెట్టె మీద ఎర్రక్షరాలతో ‘నాన్-లీథల్’ అని ఉంటుంది. అంటే ఏమిటని ఎవరడిగినా ఒకటే జవాబు.

“మా మారెమ్మ నోరు లాంటిదప్పా. తగిలితే చుర్రుమంటాది. ప్రాణం పోదు. మళ్లా ఆ పక్కకు పోబుద్ధి కాదు, అంతే.”

“నువ్వు వినేదే సగం. అందుకే బతికిండావు,” అనేది భార్య మారెమ్మ.

అత్తిముగంలో ధనశేఖర్ రాగిచేనుకు ఆ కంచె కట్టింది ఆయుధపూజకు పది రోజుల ముందు. పోయినేడు పంటంతా ఏనుగు పాలైంది. ఈసారీ పోతే చేను వదిలి కూలిపని కోసం హోసూరు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాలి. పూజనాడు మునివెంకటప్ప తన కంచెకు పసుపు కుంకుమ పెట్టి, గుంజలకు అరటి పిలకలు కట్టి, తీగెల పొడుగునా బంతిపూల దండలు వేలాడదీశాడు. ట్రాక్టరుకూ మిక్సీకీ జరిగే మర్యాద కంచెకు మాత్రం ఎందుకు జరగకూడదు?

మరుసటి సాయంత్రం ఏనుగు వచ్చింది. అరటి పిలకలు తిన్నది, తీగెలు తొక్కి అరెకరం రాగి తిన్నది.

పొద్దున మునివెంకటప్ప వచ్చేసరికి ధనశేఖర్ చేతిలో నల్లతీగె చుట్ట ఉంది. కొసకు కొక్కెం. చేను మీదుగానే కరెంటు లైను పోతుంది.

“నీ చంపని కరెంటు దానికి చక్కిలిగింత పెట్టింది మామా. ఈ సాయంత్రం లైను కరెంటే ఇస్తాను. రానీ.”

“అది పట్టుకుంటే వదలదప్పా. ఏనుగా, ఆవా, నీ పెండ్లామా అని చూడదు.”

“పోయినేడు నన్ను ఎవరు చూసినారు?”

మునివెంకటప్ప కంచె వెంబడి నడిచాడు. ఇంకా పచ్చిగానే ఉన్న దండలు తీగె నుంచి నేల దాకా జారి ఉన్నాయి. ఏనుగును కొట్టాల్సిన కరెంటు పూల మీదుగా మట్టిలోకి ఇంకిపోయింది. పైగా విందుకు పిలిచినట్టు అరటి పిలకలు. క్వారీలో ఇరవై ఏళ్లలో చేయని తప్పు భక్తితో చేశాడు.

“తప్పు కరెంటుది కాదు శేఖరప్పా, నాది,” అన్నాడు. ఆ నోట ఆ మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు. “ఈ ఒక్క సాయంత్రం నాకియ్యి.”

ధనశేఖర్ నల్లతీగె చుట్టను గట్టు మీద పడేశాడు. “ఈ పొద్దొక్కటే.”

పగలంతా తెగిన తీగెలు బిగించాడు. దండలు, పిలకలు పీకేశాడు. తీగెను తాకే గడ్డి కోశాడు. దెబ్బ గట్టిగా తగలాలంటే అక్కడ తడి ఉండాలని, పెట్టె నుంచి నేలలోకి దించిన ఎర్తు కడ్డీ చుట్టూ ఎండిన మట్టిలో మారెమ్మ ఎనిమిది బిందెల నీళ్లు పోసింది. అప్పుడు ధనశేఖర్ చూస్తుండగా తీగెను వేలితో తాకి, వెనక్కి గెంతి, గట్టు మీద కూలబడ్డాడు.

“చూసినావా? సెకనుకొక దెబ్బ. నడుమ చెయ్యి తీసుకోనిచ్చింది. ఆ సందు ఉండాదే, దానికే ఆ ఇంగ్లీషు పేరు.”

“చెవులు తెరుచుకున్నాయా?” అంది మారెమ్మ.

“ఏమంటివి?”

పొద్దు వాలగానే ముగ్గురూ మోటారు గది మిద్దె ఎక్కారు. ఏనుగు తిన్నగా నిన్నటి అరటి చోటికే వచ్చింది. తొండం చాచి తీగెను తాకింది. ఒక్క అరుపు అరిచి, తోక పైకెత్తి అడివి వైపు మళ్లింది. ధనశేఖర్ మిద్దె అంచుకు జరిగి, చీకటి పడేదాకా అటే చూశాడు.

“పరిగెత్తుతాంది మామా,” అన్నాడు, అది తన ఎద్దు అయినట్టు.

రాగి ఇల్లు చేరింది. కొక్కెం ఊడిన నల్లతీగె మీద ఇప్పుడు ధనశేఖర్ పెరట్లో చీరలు ఆరుతున్నాయి. ఆ ఏనుగు మరునాడు దూరాన నిలబడి తనకు తొండమెత్తి దండం పెట్టి పోయిందని మునివెంకటప్ప చెబుతాడు. అయితే కొత్త కంచె కట్టిన ప్రతిచోటా ముందు చెప్పే మాట వేరే.

“పూజ పెట్టెకు చేసుకోండప్పా. తీగె మీద ఒక్క పువ్వు కూడా వద్దు.”