చిన్నత్త చెవిలో హోరు

చిన్నత్త పోయిందని కబురు రాగానే నా నోట వచ్చిన మొదటి మాట, "హోరు వినిపించిందని ఏమైనా చెప్పిందా?" అని. కబురు తెచ్చినవాడు వింతగా చూశాడు. అతనిది అత్తవాళ్ళ ఊరు కాదు.

చిన్నత్త మా నాన్న చెల్లెలు. రాజోలు దాటాక, సముద్రం ఒడ్డున కాపురం. మామయ్య పడవ మీద చేపల వేటకు వెళ్ళేవారు. పెళ్ళైన కొత్తలోనే ఆవిడ ఎడమ చెవిలో సముద్రం హోరెత్తడం మొదలైంది. హోరు ముదిరితే ఇల్లు గిర్రున తిరిగేది. వసారా గుంజను రెండు చేతులా కావలించుకుని కూలబడేది. గాలివాన వచ్చేటట్టుంటే సముద్రం ముందుగా ఈవిడ చెవిలోనే చెబుతుందని ఊరివాళ్ళ నమ్మకం. రోజూ పొద్దున్నే గుమ్మం ముందు నిలబడి, "ఎలా ఉందండీ పిన్నిగారూ?" అని అడిగేవారు. హోరుగా ఉందంటే పడవలు దింపేవారు కాదు.

"నా చెవి మీకు రేడియో అయిపోయిందర్రా!" అని నవ్వేది.

పంతొమ్మిదివందల డెబ్భైల చివర్లో నేనే అమలాపురం తీసుకెళ్ళాను. చెవి డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు. "లోపలి చెవిలో సన్నటి గొట్టాలుంటాయమ్మా. వాటి గోడలో ఒక పొర నీరు ఊరుస్తుంది, చివరనున్న చిన్న సంచి పీల్చుకుంటుంది. తల తిప్పితే ఆ నీరు కదిలి, ఎటు తిరిగామో మెదడుకి చెబుతుంది. మీకు ఊరిన నీరు పోవడం లేదు. మురుగుకాలువ పూడితే చేలో నీరు నిలబడిపోదూ? అలాగే గొట్టం ఉబ్బి హోరూ, తల తిరగడమూను. ఉప్పు తగ్గించండి."

"ఉప్పుచేప లేకుండా ముద్దెలా దిగుద్దండీ?" అంది అత్త.

బస్సులో మాత్రం తేలికపడింది. "సముద్రం కాదన్నమాట. ఇంకెవరికీ చెప్పనే," అంది.

ఆ చలికాలంలోనే ఒక పొద్దున మళ్ళీ హోరు వచ్చింది. చెవిలో నీరేలే అనుకుంది. మధ్యాహ్నానికి గాలి తిరగబడింది. పడవ చెక్కలు ఒడ్డుకొచ్చాయి. మామయ్య రాలేదు.

చెవిలో నీటికీ ఆ గాలికీ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పానో.

"తెలుసే పిల్లా. డాక్టరుగారు చెప్పింది నిజమే. కానీ వెళ్ళేముందు ఎలా ఉందని ఆయన నన్నడిగేరు. ఏం లేదండీ అన్నాను."

మానేసిన ఉప్పుచేప మళ్ళీ మొదలుపెట్టింది. నేను కంచం లాగేసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనీవే. నాకు వినపడాలి." క్రమంగా ఆ చెవికి మనుషుల మాటలు వినిపించడం మానేశాయి. హోరు మాత్రం మానలేదు. వచ్చినప్పుడల్లా వసారాలోంచి కేకేసి చెప్పేది. ఎండ ఫెళ్ళున కాస్తున్నా పడవలు ఆగిపోయేవి. ఒక్క మాటకి అన్ని పడవలూ ఆగడం చూస్తే నాకు భయంగా ఉండేది, ఇప్పటికీ ఉంది.

దినం అయిన మర్నాడు పొద్దున నేను వసారాలో కూర్చున్నాను. ఆవిడ పట్టుకునేచోట గుంజ నున్నగా అరిగి ఉంది. వేటవాళ్ళు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. అలవాటే అనుకున్నాను. వాళ్ళలో పెద్దాయన తలపాగా తీసి నాకేసి చూశాడు.

"ఎలా ఉందండీ, అమ్మాయిగారూ?"

ఎండ బాగా కాస్తోంది. గాలి లేదు. ఏం లేదండీ అనడానికి నాకు నోరు రాలేదు.